ఒత్తు ఎక్కడ పడింది

రబ్బరు మేడం హెడ్‌ఫోన్ల చెవులు తుడుస్తోంది. పాత తువ్వాలు ముక్కని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, చెవిదిండ్ల మడతల్లోకి చూపుడువేలితో దోపి తిప్పుతోంది. ఒకరి చెవి గులిమి ఇంకొకరికి ఎందుకు అంటాలి? నిజానికి ఇది అటెండరు పని. అటెండరుని పెద్దసారు, అంటే శాఖాధిపతిగారు, తన గదికి మార్పించుకుని చాలాకాలమైంది. అప్పటినుంచి ఈ లాంగ్వేజ్ ల్యాబ్ తాళం తీసేదీ, ఊడ్చేదీ, తుడిచేదీ, పాఠం చెప్పేదీ ఆమే. చెయ్యమని ఎవరూ అడగలేదు. మీరెందుకు చేస్తున్నారని కూడా ఎవరూ అడగలేదు. ఆ రెండోదానికే ఆమెకి ఒళ్ళు మంట.

పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి. కళ్ళజోడు ఒక కాడకి నల్లదారం చుట్టి ఉంటుంది. పెదవుల చుట్టూ సన్నటి గీతలు. వయసుతో వచ్చినవి కొన్నయితే, ఏళ్ళతరబడి పెదవులు సున్నాలా చుట్టి, పక్కలకి లాగి, ముందుకి పొడిచి పిల్లలకి చూపించడంవల్ల వచ్చినవి ఎక్కువ. మణికట్టుకి వాచీ ఉండాల్సిన చోట వేలెడు వెడల్పు నల్లటి రబ్బరు చుట్ట ఉంటుంది. సైకిలు ట్యూబుని అడ్డంగా కోస్తే వచ్చే చుట్ట.

ఆ చుట్టే ఆమె పాఠమంతా. మన మాటలో అక్షరాలు దాదాపు ఒకే అడుగున నడుస్తాయి, ఎవరి వాటా వాళ్ళకి దక్కుతుంది. ఇంగ్లీషు మాటలో అలా కాదు. ఒక్క అక్షరం పెత్తందారు. అది గట్టిగా, పొడుగ్గా, తల ఎత్తుకుని పలుకుతుంది. మిగిలినవి నోరు నొక్కుకుని గబగబా తప్పుకోవాలి. ఆ పెత్తనానికే ఊనిక అనీ, ఒత్తు అనీ పేరు. పెత్తందారు అక్షరం దగ్గర ఆమె రెండు బొటనవేళ్ళకీ రబ్బరు తగిలించి సాగదీస్తుంది, మిగతావాటి దగ్గర వదిలేస్తుంది. చెవికి అందనిది కంటికి అందుతుంది. పిల్లలు ఆమె అసలు పేరు మరిచిపోవడంలో వింతేమీ లేదు.

రబ్బరు ఇచ్చేది భర్త. వీధి మలుపులో పంక్చర్లు వేసే కొట్టు ఆయనది. "నా ట్యూబులో గాలుంటే బండి నడుస్తుంది, నీ ట్యూబులో గాలి లేకపోతేనే మాట నడుస్తుంది" అంటాడు, కొత్తది కోసిచ్చినప్పుడల్లా. అత్తగారికి మాత్రం ఈ విద్య మీద గౌరవం లేదు. ఈ పొద్దున కూడా అద్దం ముందు రబ్బరు లాగుతూ గొణుక్కుంటున్న కోడల్ని చూసి, "ఇన్నేళ్ళూ మాటలు సాగదీశావు, నీ ఉద్యోగం మాత్రం ఏడాదికి మించి సాగదు కదే అమ్మాయ్" అంది.

"సాగుతుంది అత్తయ్యా, ప్రతి ఏడాదీ ఒక్క ఏడాదే సాగుతుంది" అంది ఆమె చెప్పులు తొడుక్కుంటూ.

కాంట్రాక్టు ఉద్యోగం. ఇంగ్లీషులో ఆ మాటకి మొదటి అక్షరం మీద ఒత్తితే ఒప్పందమని అర్థం, రెండో అక్షరం మీద ఒత్తితే కుంచించుకుపోవడమని అర్థం. ఆమె విషయంలో ఎక్కడ ఒత్తినా ఒకటే. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు పర్మనెంటు అయ్యారు, ఇళ్ళు కట్టుకున్నారు, వరండాలో ఎదురుపడితే తల ఊపి పోతున్నారు. ఆమె ఏటా వేసవిలో పెద్దసారు గది బయట నిలబడి కొత్త కాయితం తెచ్చుకుంటుంది. దీన్ని విశ్వవిద్యాలయం అంటారు.

పొద్దుటి క్లాసు మొదటి సంవత్సరం వాళ్ళది. చెక్క గూళ్ళలో కూర్చుని, హెడ్‌ఫోన్లు మెడకి వేసుకుని, నిద్రమొహాలతో చూస్తున్నారు. బోర్డు మీద ఒక మాట రాసి, ఒత్తున్న అక్షరానికి గుర్తు పెట్టమంది.

"మేడం, ఒత్తు కింద పెట్టాలా, పక్కన పెట్టాలా?" వెనకనుంచి ఒకడు అడిగాడు. క్లాసంతా కిసుక్కుమంది.

"నవ్వకండి. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మన రాతలో ఒత్తు అక్షరం కాళ్ళ దగ్గరుంటుంది. ఇక్కడ తలదగ్గర, అదీ అక్షరం రాకముందే. చిన్న నిలువుగీత. బరువు వస్తోంది, కాచుకో అని చెప్పడానికి."

ఆమె గదిలో నియమం ఒకటే. ఎవరి నోరు చూసి ఎవరూ నవ్వకూడదు. దాని వెనక ఒక పాత మంట ఉంది. ఆమె ఈ చదువుకి వచ్చిన కొత్తలో, నిలబడి పాఠం చదువుతూ రెండో అక్షరం మీద ఒత్తాల్సిన 'డెవలప్' అన్న మాటని మొదటి అక్షరం మీద ఒత్తింది. ఊరంతా అలాగే అంటుంది, వాళ్ళ నాన్నా అలాగే అనేవాడు. ప్రొఫెసరు పుస్తకం మూసి మరీ నవ్వాడు. ఆయన నవ్వితే నవ్వకపోవడం ఎవరి తరం? ఆ ఏడాదంతా ఆమె మళ్ళీ లేచి నిలబడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మాట నేర్చుకుంటున్న నోటి మీద పడి నవ్వే ఊరుని ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

క్లాసు చివర్లో తనకి ఇష్టమైన హాస్యం చెప్పింది. "బయట వరండాలో చెత్తడబ్బా మీద ఇంగ్లీషులో ఒక మాట రాసుంటుంది. ఏమిటది?"

"రిఫ్యూజ్" అన్నారు అందరూ.

"అలా చదివితే ఆ డబ్బా మీ చెత్తని వద్దంటోందని అర్థం. రెండో అక్షరం మీద ఒత్తితే నిరాకరించడం. మొదటిదాని మీద ఒత్తి, చివర గట్టిగా 'స' అనండి. రెఫ్యూస్. అప్పుడది చెత్త. అలా పిలిస్తేనే మూత తెరుచుకుంటుంది." రబ్బరు ఒకసారి ఇటు సాగింది, ఒకసారి అటు సాగింది. పిల్లలు నవ్వారు. ఈ నవ్వుకి ఆమె అడ్డు చెప్పదు. ఇది మాట మీద నవ్వు, మనిషి మీద కాదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసేసరికి గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆఖరి సంవత్సరం పిల్ల. మాట మొదట్లోనే ఇరుక్కుంటుంది, నత్తి. తోటివాళ్ళు పెట్టిన పేరు 'స్టార్టింగ్ ట్రబుల్'. ఉచ్చారణ మౌఖిక పరీక్షలో ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈ మధ్యాహ్నం ఆఖరి అవకాశం. చిన్నపిల్లలకి చదువు చెప్పడం నేర్పే కోర్సులో సీటొచ్చింది, ఈ పరీక్ష పాసైన కాయితం చూపిస్తేనే చేర్చుకుంటారు. వాళ్ళమ్మ ఒకసారి ల్యాబుకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా పిల్లకి మాటల్లేవనుకోకండి మేడం. లోపల ఇంటినిండా ఉన్నాయి. వాకిలే ఇరుకు" అని చెప్పి వెళ్ళింది.

ఆ వాకిలికి తాళంచెవి దొరకడం ఎవరి గొప్పా కాదు. ఓరోజు తన చేతులకి సుద్ద అంటితే మేడం రబ్బరు కాసేపు పట్టుకోమని ఇచ్చింది. ఆ పిల్ల ఊరికే లాగింది. లాగినప్పుడు, ఎప్పుడూ ఇరుక్కునే మాట ఇరుక్కోకుండా బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకలా అయిందో మేడంకి తెలీదు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం సాధన. రబ్బరు పనిచేసినప్పుడు చేస్తుంది, చెయ్యనప్పుడు చెయ్యదు. చెయ్యనప్పుడు మేడం చేసేది ఒక్కటే, కాచుకోవడం. ఆ పిల్ల మాటని తను పూర్తిచెయ్యదు. ఆ పిల్ల మాట ఆ పిల్లదే కదా.

పరీక్షలో రబ్బరు పట్టుకోవచ్చా అని మేడం ముందే పెద్దసారుని అడిగింది. "రబ్బరు ముక్కే కదా మేడం, దానికి కూడా నన్నడగాలా" అని ఆయన నవ్వాడు.

"తిన్నావా?" అంది మేడం ఇప్పుడు.

"తి... తినలేను మేడం."

"అయితే ఇది తిను సగం" అని డబ్బా ముందుకి తోసి, రబ్బరు తీసి ఆ పిల్ల చేతికి తొడిగింది.

పరీక్ష ల్యాబులోనే. పాత బాకీ పరీక్షకి ఈసారి ఆ పిల్ల ఒక్కతే. అభ్యర్థి బల్ల మీద మైకు, బల్ల కింద హెడ్‌ఫోన్ తగిలించుకునే ఇనప కొక్కెం. ఎదురుగా పొడుగుబల్ల. దాని మధ్యలో వేరే ఊరినుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు, ఒక పక్క ఇంటర్నల్‌గా మేడం, ఇంకో పక్క పెద్దసారు. ఎక్స్‌టర్నల్ నున్నగా ఇస్త్రీ అయిన మనిషి, చొక్కాతోపాటు మొహం కూడా. పెన్ను మీట టకటకలాడించే అలవాటు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే అలవాటు లేదు.

మాట రాసిన మొదటి అట్ట చూపించాడు. ఫొటోగ్రాఫ్. ఆ పిల్ల బల్ల కింద రబ్బరు లాగింది. మాట వచ్చింది, మొదటి అక్షరం మీద ఒత్తుతో సహా. రెండో అట్ట, ఫొటోగ్రాఫర్. అదే కుటుంబంలోదే అయినా ఒత్తు జరిగి రెండో అక్షరం మీదికి పోతుంది. చాలామంది అక్కడే బోల్తా పడతారు. ఆ పిల్ల పడలేదు. మేడం బల్ల అంచుని పట్టుకున్న చేతిని వదులు చేసింది.

"ఏమిటది చేతిలో?" అన్నాడు ఎక్స్‌టర్నల్.

"ర... ర..."

"రబ్బరా? ఆటలాడుకోవడానికి వచ్చావా?"

"నేనిచ్చాను సార్. అదుంటే మాట వస్తుంది. పెద్దసారుని ముందే అడిగాను" అంది మేడం.

పెద్దసారు ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను తిరగక ఏడాదయింది. దాన్నే తదేకంగా చూశాడు. గోడమీది పిల్లి అటో ఇటో ఎప్పటికో ఒకప్పుడు దూకుతుంది, ఈయన గోడనే కాపురం చేసుకున్నాడు.

"వస్తువులు నిషిద్ధం" అని ఎక్స్‌టర్నల్ లేచి వెళ్ళి, ఆ పిల్ల చేతిలోంచి రబ్బరుని రెండువేళ్ళతో, చచ్చిన బల్లిని తీసినట్టు తీసి, తలుపు దాటి వరండా చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. వచ్చి రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. మూడో అట్ట చూపించాడు. ఫొటోగ్రాఫిక్.

ఆ పిల్ల పైపళ్ళు కిందిపెదవి మీద ఆనాయి. అక్కడే ఆగిపోయాయి. గాలి సన్నగా బుసలాగా వస్తోంది, అక్షరం రావడంలేదు. మెడనరం ఉబ్బింది. చేతులు బల్లమీదికి వచ్చాయి. ఖాళీ బొటనవేళ్ళు రెండూ కలిసి, మొదటి అక్షరానికి కదలకుండా, రెండోదానికి కదలకుండా, మూడోదాని దగ్గర, లేని రబ్బరుని వెడల్పుగా సాగదీశాయి. ఒత్తు సరిగ్గా అక్కడే. మేడం చూసింది. ఎక్స్‌టర్నల్ గోడగడియారం చూస్తున్నాడు.

"ఫొటోగ్రాఫిక్. అంతేగా నువ్వనబోయేది? నెక్స్ట్" అన్నాడు.

నెక్స్ట్‌లన్నీ అలాగే గడిచాయి. ఆ పిల్ల నోరు తెరవడం, ఆయన ఆ మాట తనే అనేసి సున్నా వెయ్యడం. చివరికి ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండానే లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆయన కాయితం మీద సంతకం గీకి, పెన్నుతో సహా మేడం వైపు తోశాడు. ఇంటర్నల్ సంతకం కూడా ఉంటేనే ఆ కాయితం చెల్లుతుంది.

మేడం లేచి నిలబడింది. పెన్నుని కోపంగా వెనక్కి తోసింది. ఆ గదిలో ఎక్స్‌టర్నల్‌తో మార్కుల కాయితం సంగతి ఇంగ్లీషులోనే మాట్లాడాలని రివాజు. అంచేత ఇంగ్లీషులోనే, మొహంలో మొహం పెట్టి చెప్పింది.

"ఐ రెఫ్యూస్."

అన్నాక విన్నది. ఒత్తు మొదటి అక్షరం మీద పడింది. చివర గట్టి 'స' కూడా పలికింది. కోపమొస్తే నాలుక నేర్చినచోటికి పోదు, పుట్టినచోటికే పోతుంది. ఏటేటా పిల్లలకి చెప్పి నవ్వించే మాట, ఈ పొద్దున కూడా చెప్పిన మాట, అవసరం పడిన ఒక్కసారీ తిరగబడింది.

ఎక్స్‌టర్నల్ ముందు కనుబొమలు ఎత్తాడు, తర్వాత నవ్వాడు. "చెత్తా? ఎవరు మేడం, మీరా?" అన్నాడు. అప్పుడు పెద్దసారు ఫ్యానుమీంచి కళ్ళు దించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కుదుపుకుంటూ నవ్వాడు. గదిలో నవ్వింది ఇద్దరే అయినా, వెనకటి క్లాసంతా ఆమె చెవుల్లో నవ్వింది. ఒక పిల్ల నోరు నొక్కి ఆ నేరం కాయితం మీద పెట్టమంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఒక మాటలో బరువు ఒక అక్షరం ముందు పడితే మాత్రం కడుపు పట్టుకుని నవ్వొచ్చింది. ఈ చదువులు చదివింది ఇందుకా? ఆమె కూడా దీన్నే చెప్పుకుని బతికిందా ఇన్నేళ్ళు?

చదువుకునే రోజుల్లో ఇలా నవ్వితే కూర్చుండిపోయింది. ఈసారి కూర్చోలేదు. నవ్వులు ఆగేదాకా, ఆ పిల్ల మాటకోసం కాచుకున్నట్టే, ఓపిగ్గా కాచుకుంది.

"నవ్వడం అయిందా సార్? అయితే మన మాటలో చెప్తాను. పెట్టను. ఇందులో ఏ అక్షరం మీద ఒత్తినా అర్థం మారదు. పెట్టను." తన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "ఇది తీసేస్తే నేను బోర్డు చదవలేను. అంతమాత్రాన నాకు చదువు రాదని రాస్తారా? ఒత్తు ఎక్కడుందో ఆ పిల్లకి తెలుసు. చేతులతో చూపించింది. మీరు చూడలేదు. చూడనిదానికి సున్నా వేసే హక్కు మీకెవరిచ్చారు?"

ఎక్స్‌టర్నల్ తన పెన్ను అందుకుని జేబులో పెట్టుకున్నాడు. పెద్దసారుతో, నాకు రైలుకి టైమవుతోంది అన్నాడు.

మేడం బయటికి నడిస్తే పెద్దసారు వరండాలోకి వెంట వచ్చాడు. గొంతు తగ్గించాడు. "మీరు పెట్టకపోతే పరీక్ష రద్దవుతుంది. సోమవారం వేరే ఎక్స్‌టర్నల్‌ని పిలిచి మళ్ళీ పెట్టాలి. ఇంటర్నల్‌ని కూడా వేరేవాళ్ళని వేసుకోవాలి."

"వేసుకోండి."

"మీ వచ్చే ఏడాది కాయితం నా బల్లమీదే ఉంది మేడం. పొరపాటున అన్నానని ఒక్కమాట అనండి, చాలు."

"పొరపాటు ఇంగ్లీషులో జరిగింది సార్. రెండోసారి చెప్పినదాంట్లో పొరపాటు లేదు."

ఆయన నేలవైపు చూశాడు. "అయితే తాళాలు సాయంత్రంలోగా ఆఫీసులో ఇచ్చేయండి" అన్నాడు. అంతే. వీడ్కోలు సభ లేదు, ఒక కుర్చీ అటు జరిపిన చప్పుడైనా లేదు. ఏటా ఒక్క ఏడాదే సాగే ఉద్యోగం ఆ మాటతో సాగడం మానేసింది.

ఆ పిల్ల వరండా చివర అరుగు మీద కూర్చుని ఉంది. అన్నీ వినపడ్డాయని మొహం చెబుతోంది. "నా వ... నా వ..." అంది. మేడం కాచుకుంది. ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడయింది. "...నా వల్లే కదా మేడం, మీ ఉద్యోగం పోయింది."

"ఉద్యోగం నాది, వద్దనుకున్నదీ నేనే. దాని బరువు నువ్వెందుకు మోస్తావు? నీ మోతలు నీకున్నాయి." పక్కన కూర్చుంది. "సోమవారం మళ్ళీ పిలుస్తారు. అదే గది, అదే బల్ల. కూర్చోగానే ఎడంచెయ్యి బల్లకిందికి పోనివ్వు. హెడ్‌ఫోన్ కొక్కెం ఉంటుంది కదా, దాన్ని తడుముకో. చూపు మాత్రం వాళ్ళ మొహాల మీదే ఉండాలి."

ఆ పిల్లకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుంది. "మీరు ఉం... ఉండరా?"

"ఉండను. అది ఉంటుంది. మాట ఆగితే వాళ్ళనే కాచుకోమను. వాళ్ళు పూర్తిచెయ్యబోతే, నేనే చెప్తాను అని చెయ్యెత్తు. వెళ్ళు, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

ఆ పిల్ల వెళ్ళాక చెత్తడబ్బా మూత తీసింది. చెయ్యి మోచేతిదాకా పెట్టి, పెన్సిలు పొట్టు, నలిగిన కాయితాలు తప్పించి, రబ్బరు చుట్టని పైకి తీసింది. కుళాయి కింద సబ్బుతో కడిగి, పొద్దుటి తువ్వాలు ముక్కతో తుడిచింది. ల్యాబులో కిటికీలు వేసింది. హెడ్‌ఫోన్లన్నీ గూళ్ళలో సర్దింది. ఇక ఎవరు తుడుస్తారో అనుకుంది, అనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

అభ్యర్థి కుర్చీలో కూర్చుంది. బల్లకింద కొక్కేనికి రబ్బరు తగిలించి, మైకు వైపు చూస్తూ ఎడంచేత్తో లాగి చూసింది. ఒక్క చెయ్యి చాలు. ఎదుటివాళ్ళకి భుజం కూడా కదిలినట్టు తెలీదు.

"ఐ రిఫ్యూజ్" అంది మెల్లగా. ఒత్తు రెండో అక్షరం మీద, ఉండాల్సిన చోటే పడింది. వినడానికి ఎవరూ లేరు. లేచి, లైటు తీసి, తాళం వేసుకుని ఆఫీసు వైపు నడిచింది. మణికట్టు మీద రబ్బరు ఉన్నచోట చర్మం తెల్లగా ఉంది.

మూసిన గదిలో బల్లకింద కొక్కేనికి నల్లటి రబ్బరు చుట్ట వేలాడుతోంది, ఒక పక్క సాగిన చోటు ఇంకా పూర్తిగా వెనక్కి రాకుండా.